ఊరి లెక్క ఎవరి చేతిలో ఉంది?

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠం)



ఈ నాలుగు మాటలు చెప్పమని సమాఖ్య వాళ్లు అడిగినప్పుడు మొదట వద్దన్నాం. లెక్కల మనుషులు మైకు పట్టుకుంటే సభకు నిద్ర పడుతుందని మాకు తెలుసు. అయినా వాళ్లు పట్టు వదల్లేదు. ఇక్కడ మేము అంటే ఒకరం కాదండి. కోలారు జిల్లాలో పంచాయతీల్లో, నగరసభల్లో లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైనవాళ్లం కొందరం, ఇంకా కుర్చీలో ఉన్నవాళ్లం కొందరం. అందరమూ మగ్గం చప్పుడు విని పెరిగిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లమే. నాలుగు ఆదివారాలు కూర్చుని ఇది రాసుకున్నాం. చదివేది ఒకరు, మాట అందరిదీ.

ముందు ఉద్యోగం పేరు సంగతి. ఆంధ్రలో, తెలంగాణలో మన బంధువులకు 'సీనియర్ అకౌంటెంట్' అంటే ఇట్టే అర్థమవుతుంది. అక్కడ ట్రెజరీల్లో, మునిసిపాలిటీల్లో ఆ పేరుతోనే పోస్టు ఉంది. మన కర్ణాటకలో అదే పని చేసేవాళ్లను ప్రథమ దర్జె లెక్క సహాయకరు అంటారు, ఒక మెట్టు పైకి పోతే లెక్క అధీక్షకరు. పేరు ఏదైనా బల్ల ఒకటే, బల్ల మీద ఫైళ్ల ఎత్తూ ఒకటే. పెళ్లి సంబంధాల దగ్గర మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ 'గవర్నమెంటు ఉద్యోగం' అన్న ఒక్క మాటే చెల్లుతుంది. ఆ పని ఏందని ఎవరూ అడగరు. అందుకే ఈరోజు అడక్కుండానే చెప్తున్నాం.

నగరసభలో పొద్దున రాగానే మొదట చూసేది నిన్నటి వసూళ్లు. కందాయం, నీటి బిల్లు, అంగళ్ల బాడిగ, లైసెన్సు ఫీజు, ఇట్లా కౌంటర్లో చింపిన రసీదుల మొత్తం, బ్యాంకులో కట్టిన చలానా మొత్తం ఒకటి కావాలి. పది రూపాయలు తేడా వచ్చినా ఆ పది రూపాయలు దొరికేదాకా లేవకూడదు. లక్ష రూపాయల తేడా అయితే తొందరగానే దొరుకుతుంది, చిన్న తేడానే ఏడిపిస్తుంది. తర్వాత నగదు పుస్తకం, జీతాల బిల్లులు, డిపాజిట్ల రిజిస్టరు, గ్రాంటుల ఖాతాలు, నెలాఖరుకు బ్యాంకు లెక్కతో మన లెక్క సరిచూడడం, ఏడాది చివర ఆడిట్‌కి జవాబులు. కె.జి.ఎఫ్.లో పనిచేసిన మా వాళ్లు ఒక మాట అనేవారు: ఫైలు కన్నడంలో, పోట్లాట తమిళంలో, కూడిక మాత్రం మనసులో తెలుగులో.

ఇదంతా చేతి పని. అసలు పని బిల్లు వచ్చినప్పుడు మొదలవుతుంది.

ఒక వార్డులో కాలువ కట్టారనుకోండి. ఇంజనీరు కొలిచి కొలతల పుస్తకంలో రాస్తాడు. దాన్ని అందరూ ఎం.బి. అంటారు. ఆ కొలతల మీద బిల్లు తయారవుతుంది, పైఅధికారి చెక్ చేస్తాడు, తర్వాత ఫైలు మా బల్ల మీదికి వస్తుంది. మేము కాలువ చూడం, కాగితం చూస్తాం. బడ్జెట్‌లో ఈ పద్దు కింద డబ్బు ఉందా, మంజూరు ఉత్తర్వు ఉందా, టెండరు ఒప్పందం ఉందా, ఎం.బి.లో ఆ పేజీ మీద ఇంతకు ముందే బిల్లు చెల్లించారా అని. ఆ తర్వాత కోతలు. ఆదాయపు పన్ను కాంట్రాక్టరు ఒంటరి మనిషైతే 1 శాతం, కంపెనీ లాంటిదైతే 2 శాతం. కట్టడ కార్మికుల సంక్షేమానికి 1 శాతం సెస్సు. ఒప్పందం రెండున్నర లక్షలు దాటితే జి.ఎస్.టి. కింద ఇంకో 2 శాతం. ఇసుక, జల్లి రాయల్టీ. భద్రతా డిపాజిట్టు. ఇవన్నీ పోగా మిగిలింది చెల్లించవచ్చు అని రాసి సంతకం చేస్తే ఫైలు పైకి పోతుంది. చివరి సంతకం కమిషనర్‌ది లేదా ముఖ్యాధికారిది. మన సంతకం మధ్యలో ఎక్కడో చిన్నగా ఉంటుంది. కానీ ఆ చిన్న సంతకం లేకపోతే పెద్ద సంతకం పడదు.

జిల్లాలో ఒక ఊరిలో, పేరు వద్దు లెండి, మాలో ఒకరి బల్ల మీదికి ఇట్లాంటి కాలువ బిల్లే ఒకటి వచ్చింది. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. అయితే కాలువ మొదలయ్యే చోటు గుర్తుగా ఒక రేషన్ అంగడి, ముగిసే చోటుకి ఒక వేపచెట్టు రాసి ఉన్నాయి. ఆ రేషన్ అంగడి, ఆ వేపచెట్టు అంతకు ముందు ఏడాది ఇంకో గ్రాంటు కింద చెల్లించిన వోచరులో కూడా ఉన్నాయని మా వాళ్లకు గుర్తుంది. పాత వోచరు కట్ట తీయించారు. అదే కాలువ, అదే పొడవు, పద్దు మాత్రం వేరే. 'ఈ పనికి ముందే చెల్లింపు జరిగినట్టు కనబడుతున్నందున స్థల పరిశీలన అవసరం' అని ఫైలులో రెండు వాక్యాలు రాసి వెనక్కి పంపారు. మూడు రోజులు ఆఫీసులో ఎవరూ టీకి పిలవలేదు. ఇంటికి ఫోన్లు వచ్చాయి. ఆ నెలాఖరులో బదిలీ ఉత్తర్వు వచ్చింది. బిల్లు ఆగింది, మనిషి కదిలాడు.

ఇది మా గొప్ప చెప్పుకోడానికి చెప్పలేదు. ఆ మూడు రోజుల్లో ఆ వార్డు నుంచి ఒక్క మనిషైనా వచ్చి 'మా వీధి కాలువ లెక్క చూపించండి' అని అడిగి ఉంటే కథ ఇంకోలా నడిచేది. ఎవరూ రాలేదు. రావచ్చని ఎవరికీ తెలియదు. లెక్క రాసేవాడు వద్దు అనగలిగేది, ఆ వద్దును వినడానికి బయట ఎవరైనా ఉన్నప్పుడే.

ఈ సంగతి బాగా అర్థం కావాలంటే మన కె.జి.ఎఫ్. చూడాలి.

1880లో లండన్ వాళ్లు, జాన్ టేలర్ కంపెనీ, ఇక్కడ గనులు చేతికి తీసుకున్నారు. 1902లో శివసముద్రం నుంచి కరెంటు తీగలు ఇక్కడిదాకా వచ్చాయి. దేశంలో పెద్ద పెద్ద ఊళ్లు ఇంకా కిరసనాయిలు దీపాల్లో ఉన్నప్పుడు గనుల్లో బల్బులు వెలిగాయి. బేతమంగళం చెరువు నుంచి నీళ్లు వచ్చాయి. గని వాళ్ల కోసం ఆస్పత్రి, లైన్ ఇళ్లు, బళ్లు, క్లబ్బులు. 1956లో మైసూరు ప్రభుత్వం గనులు తీసుకుంది, 1962లో కేంద్రానికి పోయాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ కంపెనీ అయింది. యజమాని మారినా పద్ధతి పెద్దగా మారలేదు. గని లైన్లలో ఉన్నవాళ్లకు ఇల్లు, నీళ్లు, దీపం, చెత్త ఎత్తడం అన్నీ కంపెనీ ఖాతాలోనే. బజారు ఊరు రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట మునిసిపాలిటీ కింద ఉన్నా, ఆ అంగళ్లలో తిరిగే డబ్బు గని జీతమే. మన కుటుంబాల్లో కొందరు మగ్గం వదిలి గనికి పోయారు, కొందరు గని వాళ్లకు బట్టలు అమ్మి బతికారు.

నూట ఇరవై ఏళ్లలో 800 టన్నుల పైచిలుకు బంగారం ఈ నేల నుంచి తీశారు. ఒక్క మాట పక్కకు పోయి చెప్తాం: అంత బంగారం మన కాళ్ల కిందే ఉన్నా, మన చీర అంచుకు జరీ మాత్రం సూరత్ నుంచే తెచ్చుకున్నాం.

2001 ఫిబ్రవరి 28న గని మూతపడింది. జీతం పోవడం గురించి అందరూ మాట్లాడతారు, అది మాట్లాడాల్సిందే. పొద్దున చీకటితో మారికుప్పం నుంచి, బంగారపేట నుంచి బెంగళూరు రైలు ఎక్కే వేలమందిని చూస్తే చాలు, ఆ దెబ్బ ఇంకా తెలుస్తుంది. లెక్కల బల్ల నుంచి చూస్తే ఇంకొక నష్టం కనబడుతుంది. నూరేళ్లు ఊరి ఖర్చు ఎంత, దానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది అన్న ప్రశ్న జనం వేసుకోనక్కర లేకపోయింది. ఆ లెక్క ముందు లండన్‌లో తేలేది, తర్వాత ఢిల్లీలో. కంపెనీ పోయిన మర్నాడు దీపం ఎవరు వెలిగించాలి, పైపు ఎవరు బాగుచేయాలి, దానికి కందాయం ఎంత కట్టాలి అన్నది ఒక్కసారిగా ఊరి మీద పడింది. కందాయం కట్టే అలవాటూ లేదు, కట్టినదాన్ని అడిగే అలవాటూ లేదు. రెండూ ఒకేసారి నేర్చుకోవాల్సి వచ్చింది, అదీ చేతిలో డబ్బు లేని రోజుల్లో.

మన నేతవాళ్లకు ఇది కొత్త కథ కాదు. మా తాతల కాలంలో మాస్టర్ వీవర్ ఇంట్లో ఒక చిట్టా ఉండేది. ఎంత నూలు ఇచ్చారో, ఎంత జరీ ఇచ్చారో, ఎన్ని చీరలు వచ్చాయో, అడ్వాన్సు బాకీ ఎంతో, అన్నీ అందులోనే. పోగు తెగింది, మచ్చ పడింది అని కూలిలో కోత. ఆ కోత ఎంతో రాసేది ఆయన, చదివేదీ ఆయనే. మా అవ్వలు గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుకునేవాళ్లు, చీరకొక గీత. పండగకు లెక్క చూసుకుంటే గోడ ఒకటి చెప్పేది, చిట్టా ఇంకొకటి చెప్పేది. ఎప్పుడూ చిట్టాయే గెలిచేది. మాస్టర్ వీవర్లు అందరూ మోసగాళ్లని మేము అనడం లేదు, మంచివాళ్లు ఉన్నారు, కొందరు ఈ సభలోనూ ఉన్నారు. పుస్తకం ఒకరి చేతిలోనే ఉంటే మంచివాడి లెక్కను కూడా రెండోవాడు సరిచూడలేడు. మాలో ముగ్గురి ఇళ్లల్లో పిల్లల్ని బి.కాం. చదివించడానికి కారణం ఆ గోడ మీది గీతలే.

ఇప్పుడు నగరసభ చిట్టా ఎట్లా ఉంటుందో కొంచెం చెప్తాం. ఓపిక పట్టండి.

ముందు ఒంటి పద్దు పద్ధతి ఉండేది. వచ్చిన డబ్బు ఒక పక్క, పోయిన డబ్బు ఒక పక్క. ఊరిలో కందాయం నూరు రూపాయలు రావాల్సి ఉండి అరవై వసూలైతే, నగదు పుస్తకంలో అరవై మాత్రమే కనబడేది. రాని నలభై ఎక్కడో వేరే రిజిస్టరులో దుమ్ము పట్టేది. 2006లో కర్ణాటక మునిసిపాలిటీల లెక్కలు, బడ్జెట్ నియమాలు వచ్చాక జంట పద్దు పద్ధతి వచ్చింది. ఇప్పుడు నూరు రూపాయలు రాబడిగా రాయాలి, రాని నలభై 'రావలసింది' అని ఆస్తి అప్పుల పట్టీలో నిలబడుతుంది. అట్లాగే నగరసభ ఇవ్వాల్సిన కరెంటు బాకీ, తిరిగి ఇవ్వాల్సిన డిపాజిట్లు కూడా అప్పుగా కనబడతాయి. కొత్త రోడ్డు ఆస్తి అవుతుంది, ఏటేటా దాని విలువ ఎంత తరిగిందో పుస్తకమే రాస్తుంది. దీన్ని పడుగూ పేకా లాంటిదని చెప్పమని మాలో ఒకరు అన్నారు. మిగతావాళ్లం ఒప్పుకోలేదు. పడుగు తెగితే మగ్గం ఆగిపోతుంది. నగరసభలో సగం పద్దులు తెగినా బండి నడుస్తూనే ఉంటుంది, అదే బాధ.

రావలసింది, వసూలైంది, మిగిలింది అన్న మూడు గడుల పట్టీని డి.సి.బి. అంటాం. మీరు ఒకే ఒక్క కాగితం చూడగలిగితే ఇదే చూడండి. వార్డువారీగా ఉంటుంది. పూరిపాక కందాయం కట్టేసి ఉంటుంది, పెద్ద మేడ బాకీ పదేళ్లుగా కదలకుండా ఉంటుంది. ఎవరి పేరూ చెప్పకుండానే ఊరి సంగతి ఆ పట్టీ చెప్పేస్తుంది.

మీ కందాయం రసీదు కూడా ఒకసారి తీసి చదవండి. కందాయం ఒక్కటే ఉండదు, దాని కింద సెస్సులు ఉంటాయి. నూరు రూపాయల కందాయానికి ఆరోగ్య సెస్సు 15, గ్రంథాలయ సెస్సు 6, యాచకుల సెస్సు 3 రూపాయలు. యాచకుల సెస్సు ఏందని చాలామంది నవ్వుతారు. 1975 నాటి బిచ్చం నిషేధ చట్టం కింద వాళ్ల పునరావాసానికి పోయే డబ్బు అది. ఈ సెస్సులు నగరసభవి కావు. వసూలు చేసి ఆయా చోట్లకు పంపించాలి, అంటే ఊరు నమ్మి చేతిలో పెట్టిన డబ్బు. రాష్ట్రంలో కొన్ని స్థానిక సంస్థలు దీన్ని పంపకుండా అట్టిపెట్టుకుని వేరే ఖర్చులకు వాడినట్టు సి.ఏ.జి. నివేదికల్లో కనబడుతూ ఉంటుంది. 'జీతాలకే లేవు, సెస్సు ఏం పంపేది' అని జవాబు వస్తుంది. జీతం ఇవ్వాల్సిన బాధ మాకూ తెలుసు. అయినా లైబ్రరీలో పేపరు రావడం ఆగితే, మన పిల్ల పోటీ పరీక్షకు చదివేది ఎక్కడ?

ఇంకో మాట. ఏప్రిల్ నెలలో కందాయం కడితే 5 శాతం తగ్గింపు ఉంది. తెలిసీ మార్చిదాకా లాగేవాళ్లే మనలో ఎక్కువ. గడువు దాటితే నెలనెలా వడ్డీ లాంటి జరిమానా పెరుగుతుంది. ఏప్రిల్‌లో కట్టేస్తే మీకు తగ్గింపు, ఊరికి ఏడాది మొదట్లోనే చేతిలో డబ్బు.

రసీదులో, కందాయం ఫారంలో 'వాడుక' అన్న గడి ఉంటుంది: నివాసమా, వాణిజ్యమా అని. ఒక అవ్వ ఇంటి ఫారం మాలో ఒకరి దగ్గరికి వచ్చింది. ముందు గదిలో గుంట మగ్గం, వెనక గదిలో పొయ్యి, అంతే ఇల్లు. ఫారం నింపిన కుర్రాడు మగ్గం చూసి ముందు గదిని వాణిజ్యం అని రాసేశాడు. నాలుగేళ్లు ఆమె ఎక్కువ కట్టింది. 'సర్కారు అడిగింది, ఇచ్చాను నాయనా' అన్నది. అర్జీ రాయించి, ఇల్లు చూపించి, వాడుక గడి మార్పించేసరికి ఐదు నెలలు పట్టింది. మీ ఇంట్లో మగ్గం ఉంటే ఆ గడి ఈ రాత్రికే చూసుకోండి. ఏం రాశారో తెలిస్తే కదా అడగగలిగేది.

పల్లెల్లో ఉన్నవాళ్లకు ఇంకా మంచి తలుపు ఒకటి ఉంది. దాని పేరు జమాబంది. మన రాష్ట్రంలో ప్రతి గ్రామ పంచాయతీ ఏడాదికొకసారి, ఆగస్టు 16 నుంచి సెప్టెంబరు 15 లోపల, గడిచిన ఏడాది లెక్కలు జనం ముందు పెట్టాలి. పై నుంచి వచ్చిన అధికారి బృందం పుస్తకాలు తెరుస్తుంది, చేసిన పనులు స్థలానికి పోయి చూస్తుంది. కాలువ ఎక్కడ, రేషన్ అంగడి ఎక్కడ, వేపచెట్టు ఎక్కడ అని అక్కడే నిలబడి అడగవచ్చు. ఆగస్టు 7న చేనేత దినోత్సవం అని మనం శాలువాలు కప్పుకుని ఫోటోలు దిగుతాం. తొమ్మిది రోజులకే జమాబంది కాలం మొదలవుతుంది. ఆ సభకు మాత్రం పది మంది రారు, వచ్చిన పది మందిలో ఆరుగురు సభ్యుల మనుషులే. మన సమాఖ్య వాళ్లను మేము అడిగేది ఇదే: ఈ ఏడాది నుంచి మనవాళ్లు ఎక్కువగా ఉన్న ప్రతి పంచాయతీకి ఇద్దరిని పంపండి, అందులో ఒక ఆడమనిషి ఉండాలి. నీళ్ల లెక్క వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు.

పంచాయతీలకు పదిహేనో ఫైనాన్స్ కమిషన్ ఇచ్చిన గ్రాంటులో 2021 నుంచి 2026 దాకా 60 శాతం నీళ్లకు, పారిశుధ్యానికే కట్టుబెట్టారు. చెరి సగం. దాన్ని మళ్లించి కమాను కట్టడానికి వీల్లేకుండా పెట్టారు. కోలారులో ఏడాది పొడుగునా పారే ఏరు లేదు, వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఉన్నాయి. ఈ జిల్లాలో ఆ 30 శాతం నీటి పద్దు ఏమైందని అడగడం అంటే బిందె గురించి అడగడమే.

రాజ్యాంగంలో ఒక సంగతి చాలామందికి తెలియదు. 1993లో అమల్లోకి వచ్చిన 73వ సవరణ పంచాయతీలకు 29 విషయాలు అప్పగించే పట్టిక ఇచ్చింది. అందులో తొమ్మిదోది ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు. అంటే నేతవాళ్లకు ఉమ్మడి షెడ్డో, రంగు నీళ్లు పోయే దారో, పంచాయతీ ప్రణాళికలో అడగడానికి మనకు హక్కుగా ఒక వరుస ఉంది. అదే ఏడాది వచ్చిన 74వ సవరణ పట్టణాలకు 18 విషయాలు ఇచ్చింది. అందులో కబేళాల నియంత్రణ ఉంది, కుటీర పరిశ్రమ లేదు. కాబట్టి పట్టణంలో మగ్గం ఉన్నవాళ్లు ఇంకో దారి వెతుక్కోవాలి. ఆ దారి నగరసభ సొంత నిధుల్లో ఉంది. అందులో 24.10 శాతం ఎస్సీ, ఎస్టీలకు, 7.25 శాతం మిగతా వెనకబడిన పేదలకు, 5 శాతం వికలాంగులకు అట్టిపెట్టాలి. మన కుటుంబాల్లో పేదవాళ్లు అడగాల్సింది ఆ 7.25 శాతం పద్దు. మేము కుర్చీలో ఉండగా చూసింది చెప్తున్నాం, ఈ పద్దు కింద డబ్బు చాలాసార్లు మార్చిదాకా ఖర్చు కాకుండా ఉంటుంది, ఆ తర్వాత హడావుడిగా ఎవరికో పోతుంది. అర్జీ వేసినవాడికే పోతుంది కదా. బడ్జెట్‌కి ముందు నగరసభ జనంతో సభ పెడుతుంది, ఆయవ్యయ పూర్వభావి సభ అని నోటీసు వేస్తారు. ఆ నోటీసు కన్నడంలో ఉంటుంది కాబట్టి మనది కాదు అనుకోవద్దు.

నేకార సమ్మాన్ డబ్బు రాలేదని చాలామంది మా దగ్గరికి వస్తారు. అది చేనేత శాఖ వాళ్లది, నగరసభది కాదు. అయినా చూసి పెడతాం. సగం కేసుల్లో జబ్బు ఒకటే: ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బ్యాంకులో వెనక. లేదా ఆధార్ కలిపిన ఖాతా ఒకటి, జనం చూసుకునే పాసుబుక్కు ఇంకొకటి. డబ్బు వచ్చి మూడేళ్లుగా వాడని ఖాతాలో కూర్చుని ఉన్న కేసు కూడా చూశాం. ఆ ఇంటాయన మంత్రిని తిట్టని రోజు లేదు.

ఎవరైనా లెక్క చూపించకపోతే ఏం చేయాలని అడుగుతారు. 2005 సమాచార హక్కు చట్టం ఉంది, 10 రూపాయల పోస్టల్ ఆర్డరు ఉంది. అందరూ కాగితం నకళ్లే అడుగుతారు. పనిని స్వయంగా చూసే హక్కు, వాడిన సామాను నమూనా తీసుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి. 'ఫలానా వీధి కాలువ ఎం.బి. పేజీలు, వోచరు, చెల్లించిన పద్దు' అని స్పష్టంగా అడగండి. 'అన్ని వివరాలు ఇవ్వండి' అని రాస్తే గోనెసంచి నిండా పనికిరాని కాగితాలు ఇస్తారు, దానికి నకళ్ల రుసుం వేరే.

ఇక పిల్లల సంగతి. మగ్గం నుంచి పిల్లల్ని బయటికి పంపాలనుకునేవాళ్లు అందరూ ఇంజనీరింగు, బెంగళూరు అనే అంటున్నారు. మంచిదే. కానీ లెక్కల ఉద్యోగాలకు నోటిఫికేషన్ వచ్చినప్పుడు మన పిల్లలు ఎందుకు కట్టరు? కన్నడం భయం అంటారు. ఇక్కడ బడిలో కన్నడం చదువుకున్న పిల్లలకు ఆ భయం అక్కర్లేదు, కన్నడ పరీక్ష గట్టెక్కగలరు. ఆడపిల్లలకు ఇది బాగా నప్పే పని అని చాలామంది అంటారు, కూర్చుని చేసే పని కదా అని. మేము దానికి ఒప్పుకోం. కూర్చుని చేసే పనే, కానీ పక్క కుర్చీలో కాంట్రాక్టరు కూర్చుని ఉంటాడు. అతని ముందు 'ఈ బిల్లు పోదు' అని గొంతు పెంచకుండా అనగలిగే పిల్ల అయితే తప్పకుండా పంపండి. కాంట్రాక్టు పారిశుధ్య కార్మికుల జీతాల బిల్లు వచ్చిందనుకోండి, నలభై మంది పేర్లు ఉన్నాయి, ప్రావిడెంటు ఫండు చలానాలో ఇరవై రెండు పేర్లే ఉన్నాయి. ఆ తేడా పట్టుకుంటే పద్దెనిమిది మంది ముసలితనం నిలబడుతుంది. వాళ్లెవరూ ఆ పిల్ల ముఖం ఎప్పటికీ చూడరు.

జీతం గురించి అడిగేవాళ్లున్నారు, సర్కారు స్కేలు ప్రకారం బతుకు నడుస్తుంది. బదిలీలు ఉంటాయి, ఇందాక చెప్పినట్టు కొన్ని నెలాఖరునే వస్తాయి. పిల్లల బడి మధ్యలో మార్చాల్సి వస్తుంది. ఇంట్లోవాళ్లకు ముందే ఈ మాట చెప్పాలి. తర్వాత చెప్తే కోపం వస్తుంది, మాకు అనుభవమే.

వంటవాళ్లు రెండుసార్లు సైగ చేశారు. భోజనాలయ్యాక ఆ వేపు రెండు బల్లలు వేసి కూర్చుంటాం. కందాయం రసీదు తెచ్చినవాళ్లు, ఈ-స్వత్తు ఫారం 9, ఫారం 11 తెచ్చినవాళ్లు చూపించండి, చదివి చెప్తాం. తేనివాళ్లు ఫోన్లో ఫోటో ఉన్నా సరే. మొదటి బల్ల పల్లెలవాళ్లకు, రెండోది నగరసభలవాళ్లకు.